పేరు నిలిచినది, బండి మారినది

మన సంఘ సంచికలో ప్రతి సంవత్సరము ప్రబంధముల గూర్చియు, పద్యనాటకముల గూర్చియు, పండుగల గూర్చియు వ్యాసములు వచ్చుట పరిపాటి. ఈ పర్యాయము మమ్ము కూడ ఏదేని వ్రాయుమని కార్యదర్శిగారు కోరినారు. మెట్రిక్యులేషన్ వరకు చదివి, జీవితమంతయు కచేరీలో దస్త్రములు సర్దిన గుమాస్తాకు ప్రబంధములపై విమర్శ వ్రాయు అధికారము లేదు. కావున మాకు కొంత తెలిసిన వస్తువును గూర్చియే వ్రాయదలచితిమి. ఆ వస్తువు జావా మోటారు సైకిలు. చదువరులు నవ్వుకొనినను సరే, ఒక్క మనవి. చచ్చినదనుకొన్న దానిని మరల బ్రదికించుట యెట్లు అను ప్రశ్న మన సంఘమునకు కొత్తది కాదు.

జావా అను పేరు మనకు ఒక ద్వీపమును జ్ఞప్తికి తెచ్చును గాని, దానికిని ఈ బండికిని సంబంధము లేదు. 1929లో చెకోస్లొవేకియా దేశమున యానెచెక్ అను పారిశ్రామికుడు, వాండరర్ అను జర్మను కంపెనీ నుండి మోటారు సైకిళ్ళ విభాగమును కొని, తన పేరులోని మొదటి రెండక్షరములను, ఆ కంపెనీ పేరులోని మొదటి రెండక్షరములను కలిపి ఈ పేరు పెట్టెను. మన దేశమున ఇరానీ కుటుంబమువారు మైసూరులో ఐడియల్ జావా కంపెనీని 1960లో స్థాపించిరి. 1961 నుండి అచ్చటి కార్ఖానాలో బండ్లు తయారగుచు వచ్చినవి. 1973 నుండి అవే బండ్లు యెజ్డీ అను పేరుతో వెలువడినవి. పారసీకులకు పూజ్యమైన యజ్ద్ నగరము పేరు మీద ఆ పేరు పెట్టబడినది. చిత్రమేమనగా, అదే సంవత్సరము నవంబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రము కర్ణాటక రాష్ట్రమైనది. రాష్ట్రము పేరు మారినను మా అరకేర నేల మారలేదు. బండి పేరు మారినను లోపలి యంత్రము మారలేదు. మా ప్రాంతమున చాలమంది యెజ్డీని కూడ జావా యనియే పిలుచుచుండిరి.

మా తండ్రిగారు కృష్ణా మండలము నుండి మొదట తుంగభద్ర ఎడమకాలువ క్రింది క్యాంపునకు వచ్చి, తరువాత అరకేరలో స్థిరపడినవారు. 1974లో వారొక పాత జావాను కొనిరి. ముదురు ఎరుపు రంగు, ప్రక్కల తళతళలాడు పెట్రోలు తొట్టి, ఒక్క సిలిండరునకు రెండు పొగగొట్టములు. కిక్కు కొట్టు మీటయే గేరు మార్చు మీట కూడ. దానిని లోపలికి నొక్కి పైకి త్రిప్పి తన్నవలెను. యంత్రము పలికిన పిమ్మట యథాస్థానమునకు తెచ్చి గేరు వేయవలెను. తెలియనివాడు ఎక్కినచో బండి కదలదు. ఎత్తుకుపోవ వచ్చిన దొంగ కూడ నేర్చుకొని రావలెనని మా తండ్రిగారు హాస్యమాడుచుండిరి. అది రెండు స్ట్రోకుల యంత్రము గావున పెట్రోలులో నూనె కలిపి పోయవలెను. కొలత తప్పినచో పొగయైన మిక్కుటమగును, పిస్టనైన పట్టుకొనును. ఆ బండిపై విత్తనపు సంచులు వచ్చినవి, పురిటినొప్పులతోనున్న ఇరుగుపొరుగు ఆడువారు దేవదుర్గము పోయినారు, మా అక్కగారి పెండ్లి శుభలేఖలు క్యాంపు క్యాంపునకు చేరినవి.

అయినను జ్ఞాపకములు తీయనివి గనుక బండి కూడ మంచిదే అనుట విమర్శ కానేరదు. దాని బ్రేకులు అంతంత మాత్రము. పొగ విశేషము. వానాకాలమున పాయింట్లు చెమ్మగిల్లి నడిదారిలో నిలిచిపోవుట మామూలు. 1980 తరువాత జపాను కంపెనీల పొత్తుతో నూరు సీసీల తేలికబండ్లు వచ్చినవి. అవి తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరము పోయెడివి. కాలుష్య నిబంధనలు కూడ బిగిసినవి. 1996లో మైసూరు కార్ఖానా మూతపడినది. అది అన్యాయపు చావు కాదు. కాలము తెచ్చిన చావు.

ఇరువదిరెండేండ్లకు, అనగా 2018 నవంబరులో, మహీంద్రా వారి పెట్టుబడిగల క్లాసిక్ లెజెండ్స్ అను కంపెనీ జావాను మరల తెచ్చినది. 2022 జనవరిలో యెజ్డీ కూడ వచ్చినది. పాత కార్ఖానాదారుల కుటుంబములోని వారొకరు ఇందు భాగస్వాములు. కొత్త జావా కన్నులకు పాత జావాయే. అదే ఎరుపు, అదే తొట్టి మెరుపు, అవే రెండు పొగగొట్టములు, గుండ్రని దీపము. కాని అది తయారగునది మైసూరులో కాదు, మధ్యప్రదేశమునందలి పీథంపూరులో. 2018లో వచ్చిన ఆ బండి లోపల నుండినది 293 సీసీల నాలుగు స్ట్రోకుల యంత్రము; నీటితో చల్లబడునది. పెట్రోలును కార్బురేటరు గాక ఎలక్ట్రానిక్ పరికరము అందించును. ఆ యంత్రము మహీంద్రా వారి మోజో అను మరియొక బండి యంత్రము నుండి పుట్టినది. 1973లో పేరు మారినది, బండి నిలిచినది. 2018లో పేరు నిలిచినది, బండి మారినది. మా విమర్శ అంతయు ఈ రెండు వాక్యముల నడుమ నున్నది.

ఇట్టి పునరుద్ధరణ మన దేశమునకే ప్రత్యేకము కాదు. అమెరికాలో మజిల్ కారులని, అనగా కండగల కారులని, ఒక జాతి యుండెను. చిన్న శరీరమున పెద్ద ఇంజను పెట్టి, మధ్యతరగతి యువకునికి అందు వెలకు అమ్మిన కారులవి. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీవో వానిలో ప్రసిద్ధము. 1973 నాటి చమురు సంకటముతోను, పొగ నిబంధనలతోను, బీమా ఖర్చులతోను ఆ జాతి క్షీణించినది. 2004లో జీటీవో పేరును మరల పైకి తెచ్చిరి. కాని ఆ కారు ఆస్ట్రేలియాలో తయారగుచుండిన హోల్డెన్ మొనారో అను కారే. 350 గుర్రపు బలము గలది, పరుగునకు లోటు లేదు. అయినను చూచినవారికి అందు పాత ముఖము కానరాలేదు. 2006తోనే అది ఆగిపోయినది. తరువాత 2008లో డాడ్జి వారు చాలెంజరును తెచ్చిరి. 1970 నాటి చాలెంజరు ముఖమును, దానితోపాటు ఎనిమిది సిలిండర్ల హెమీ ఇంజనును కూడ తెచ్చిరి. మొదటి బండి బలము 425 గుర్రములు. ఆ కారు పదునైదు సంవత్సరములు అమ్ముడుపోయి, 2023 డిసెంబరులో నిలిచిపోయినది.

ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. జీటీవోకు గుండె యుండెను, ముఖము లేదు. చాలెంజరుకు ముఖమును గుండెయు రెండును కలవు. మన జావాకు ముఖము కలదు, గుండె వేరు. ముఖము లేనిది నిలువలేదు. రెండును గలది నిలిచినది. ముఖము మాత్రమే గలదాని సంగతి యేమి?

ఇచ్చట న్యాయము తప్పరాదు. రెండు స్ట్రోకుల పాత యంత్రము నేటి పొగ నిబంధనలకు ఒదుగదు. కావున కంపెనీవారు కావలెనన్నను పాత గుండెను పెట్టజాలరు. మా తమ్ముని కుమారుడు 2021లో కొత్త జావా కొన్నాడు. మేము వెనుక కూర్చుండి రాయచూరు నుండి అరకేర వరకు వచ్చితిమి. పొగ లేదు, బ్రేకు పట్టినచోట నిలిచినది, నడుము నొప్పి లేదు. మా తండ్రిగారి బండిపై అదే దారిలో రెండుమారులైన దిగి నెట్టవలసి వచ్చెడిది. వాహనముగా కొత్తదే మేలైనదని ఒప్పుకొనుటకు మాకు సంకోచము లేదు.

మరి మా ఆక్షేపణ యేమి? పాత జావా ప్రాణము దాని పొగలో లేదు, శబ్దములో లేదు. దానిని కొన్నవాడే విప్పి బిగించుకొనగలుగుటలో నున్నది. నాలుగు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, కొంత ఓపిక యున్నచో పల్లెటూరి రైతు చెట్టు క్రిందనే దానిని బాగుచేసుకొనెడివాడు. దేవదుర్గమున మేము భాయి అని పిలుచు వృద్ధ మేస్త్రి యొకరున్నారు. వారు కన్నులు మూసికొని శబ్దము విని రోగము చెప్పెడివారు. కొత్త బండిని చూపినప్పుడు వారు చుట్టును తిరిగి, తొట్టిని చేతితో నిమిరి, "గుమాస్తాగారూ, ముఖం మనవాడిదే. కానీ దీని పెట్టె తెరవడానికి నా దగ్గర తాళంచెవి లేదు" అన్నారు. కంప్యూటరు తగిలించి చూడవలసిన యంత్రమది. భాయి బ్రదికించిన బండ్లు ఎన్నియో లెక్క లేదు. బండికి పునర్జన్మము వచ్చినది గాని, ఆ జన్మములో భాయికి చోటు లేకపోయినది.

పొగను మానిపించినది చట్టము. దానిని తప్పుపట్టరాదు. యజమాని చేతిలోని పానాను మానిపించినది చట్టమొక్కటే కాదు, నేటి వ్యాపారపద్ధతి కూడ. అన్ని కంపెనీలవారును అట్లే చేయుచున్నారు గదా యందురేమో. నిజమే. కాని అన్ని కంపెనీలవారును పాత జ్ఞాపకములను చూపి బండ్లు అమ్ముట లేదు. జ్ఞాపకము పేర వెల పుచ్చుకొన్నవారు, ఆ జ్ఞాపకమునకు మూలమైన గుణములో కొంతయైన తిరిగి ఇయ్యవలెను. సులభముగా విప్పదగిన కూర్పో, పల్లె మేస్త్రీలకు శిక్షణయో, బండితోపాటు సచిత్రమైన మరమ్మతు పుస్తకమో ఏదో ఒకటి. ముఖమునకు పెట్టిన శ్రద్ధలో నాలుగవవంతు దీనికి పెట్టియున్నచో ఈ వ్యాసము వేరు విధముగ నుండెడిది.

పేరును గూర్చియు ఒక మాట. యెజ్డీ అను పేరు ఎవరిదను వివాదము కర్ణాటక ఉన్నత న్యాయస్థానమునకు పోయినది. ఆ పేరు మూతపడిన పాత కంపెనీ ఆస్తియేనని 2022 డిసెంబరులో ఏకసభ్య పీఠము తీర్పు చెప్పినది. దానిపై అప్పీలు కూడ జరిగినది. ఎవరి వాదము న్యాయమో తేల్చుట మా పని కాదు. కార్ఖానా పోయిన ఇన్ని సంవత్సరముల తరువాత కూడ పోరాడదగిన ఆస్తిగా మిగిలినది పేరే యని మాత్రము తెలియుచున్నది. ఆ పేరునకు ఆ విలువ తెచ్చినవారు ఎవరు? మైసూరు కార్మికులు, ఊరూరి మేస్త్రీలు, నూనె కొలిచి పోసికొన్న యజమానులు. బెంగుళూరులో ప్రతి సంవత్సరము జూలై రెండవ ఆదివారమున పాత బండ్లవారు కూడి జావా దినము జరుపుకొనుచున్నారు. కంపెనీ లేనప్పుడు కూడ ఆ పేరును బ్రదికించినది అట్టివారే.

ఇక మా ఇంటి సంగతి. మా తండ్రిగారి జావా ఇంకను మా కొట్టములో నున్నది. పాత బండ్లను సేకరించు పెద్దమనిషి యొకరు దానికి మంచి వెల ఇత్తుమనిరి. మా తమ్ముడు అమ్ముదమనెను. అతని కుమారుడు రంగు వేయించి వసారాలో అలంకారముగా పెట్టుదమనెను. ఈ మాటలు జరుగుచుండగా వాడు బండి పనిముట్ల పెట్టె తెరచినాడు. గుడ్డలో చుట్టిన చిన్న పుస్తకము బయటపడినది. మా తండ్రిగారు స్వహస్తముతో తెలుగులో వ్రాసికొన్న లెక్క. ఏ దినమున ఏ భాగము మార్చినది, నూనె ఎంత పోసినది, పాయింట్ల ఎడము ఎంత ఉంచవలెను, అన్నియు తేదీలతో నున్నవి. వాడు కొంతసేపు చూచి, "పెదనాన్నా, తాతగారు ఏం రాశారో చదివి పెట్టండి" అన్నాడు. వాడు ఇంట తెలుగు చక్కగా మాటలాడును. బడిలో కన్నడము, ఇంగ్లీషు చదివినాడు. తన తాతగారి అక్షరములు మాత్రము వానికి గీతలే.

అప్పుడు మాకు కంపెనీని నిందించుటకు నోరు రాలేదు. ఉగాదినాడు మన పిల్లలకు పట్టుపంచెలు కట్టించి, ఇంగ్లీషు అక్షరములలో వ్రాసియిచ్చిన పద్యమును వల్లింపజేసి, తెలుగు నిలిచినదని చప్పట్లు కొట్టుచున్నాము. మనము చేయుచున్నది కూడ ముఖము మాత్రము నిలుపు పునరుద్ధరణయే కదా! కన్నడ దేశమున బ్రదుకువారు కన్నడము చదువవలసినదే. అందు తప్పు లేదు. తప్పెక్కడ ననగా, విప్పి చూచుకొను శక్తిని పిల్లల చేతికి ఇయ్యకుండ పైమెరుగును మాత్రము ఇచ్చుటలో నున్నది.

బండిని అమ్మలేదు. వసారాలోను పెట్టలేదు. భాయిని బ్రతిమాలి, ఆదివారములందు మా వానికి పని నేర్పుటకు ఒప్పించితిమి. పుస్తకమును మేము చదివి చెప్పము, నీవే చదువుకొనుమని వానికి ఓనమాలు దిద్దించుచున్నాము. ఇరువదియారేండ్ల వయస్సున పలక పట్టుటకు మొదట సిగ్గుపడినాడు. ఇప్పుడు "నూనె", "పిస్టను", "మార్చితిని" అను మాటలు కూడబలుకుకొని చదువుచున్నాడు. మొన్న దీపావళికి బండి ఒక్కమారు పలికి, వాకిలి దాటి పదడుగులు నడచి, ఆగిపోయినది. భాయి చెవియొగ్గి విని, పాయింట్ల దోషమన్నారు. మా వాడు పుస్తకము తెరచి, పాయింట్లనుగూర్చి తాతగారు వ్రాసిన పుట వెదకుచు, దీపము దగ్గరకు జరిగినాడు.