బాలింత మనసుకు కులం లేదా?

తెలుగు స్త్రీవాద కవిత్వం పురిటి గదిలోకి ధైర్యంగా అడుగుపెట్టింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్' రాసినప్పుడు, 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చినప్పుడు, మాతృత్వం చుట్టూ అల్లిన పవిత్రమైన కట్టుకథలు చాలావరకు కూలిపోయాయి. ఆ మేలును ఎవరూ కాదనలేరు. అయితే ఆ చర్చ ఎక్కువగా నొప్పుల దగ్గర, గర్భం మీద హక్కు దగ్గర ఆగింది. బిడ్డ బయటపడ్డాక తల్లి మనసుకు ఏమవుతుంది? నెలలు గడిచినా ఏడుపు ఆగని తల్లి, బిడ్డను చూస్తే ప్రేమకు బదులు భయం పుట్టే తల్లి మన సాహిత్యంలో చాలా అరుదు. అందులోనూ దళిత బాలింత ఎక్కడుంది?

డాక్టర్లు దీన్ని ప్రసవానంతర డిప్రెషన్ అంటారు. కాన్పయిన మొదటి రోజుల్లో వచ్చిపోయే దిగులు వేరు, ఇది వేరు. నిద్ర పట్టదు, దేని మీదా మనసు నిలవదు, తప్పంతా తనదే అనిపిస్తుంది, చచ్చిపోవాలనిపిస్తుంది. మందులతో, మాటలతో నయమయ్యే జబ్బే. కానీ వాడలో దీన్ని 'గాలి సోకింది' అంటారు. చేను యజమాని అయితే 'పనిదొంగ' అంటాడు.

ఈ విషయం మీద ప్రపంచమంతా చదివే కథ ఒకటుంది. అమెరికన్ రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో అచ్చువేసిన 'ది ఎల్లో వాల్‌పేపర్'. బిడ్డను కన్న స్త్రీని డాక్టరైన భర్త మేడమీది గదిలో ఉంచి విశ్రాంతే వైద్యమంటాడు. రాసుకోవద్దంటాడు. పనిలేని ఆ గదిలో, గోడ కాగితం చూస్తూ చూస్తూ ఆమె మతి తప్పుతుంది. గొప్ప కథ. తరగతిలో చెప్పిన ప్రతిసారీ పిల్లలు కదిలిపోతారు. ఒకసారి వెనక బెంచీలో కూచున్న అమ్మాయి లేచి, "మేడం, మా అమ్మను అట్ల నెలరోజులు పండనిస్తె మంచిగుండు కదా" అంది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. గిల్మన్ కథలో స్త్రీని విశ్రాంతి చంపుతుంది, మన తల్లులను విశ్రాంతి లేకపోవడం చంపుతుంది. రెండూ బాధలే. కానీ ఒకటే విశ్వజనీనమైన స్త్రీ అనుభవంగా పాఠ్యపుస్తకాలకెక్కింది.

రెండో బాధను చెప్పినవాళ్లు మన పక్క భాషల్లో ఉన్నారు. మరాఠీలో బేబీ కాంబ్లే ఆత్మకథ 'జిణ అముచ' 1986లో పుస్తకంగా వచ్చింది. కాన్పయిన తల్లి కడుపుకు ఆ పూట ముద్ద దొరకని మహర్‌వాడను, పురిట్లోనే పోయిన పడుచులను ఆమె ఏ అలంకారం లేకుండా రాసింది. 1994లో తమిళంలో వచ్చిన బామ 'సంగతి' ఇంకో మెట్టు ముందుకెళ్లింది. దయ్యాలు మన ఆడవాళ్లనే ఎందుకు పడతాయని అందులో కథ చెప్పే అమ్మాయి అడుగుతుంది. చేనులో చాకిరీ, ఇంట్లో చాకిరీ, పిల్లలు, మొగుడి దెబ్బలు, వీటి మధ్య ఊపిరాడని మనసే అట్లా పూనకమై బయటపడుతుందని ఆమెకు అర్థమవుతుంది. పూనకాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసే హేతువాదులు ఈ పేజీలు చదవాలి. మాట్లాడటానికి చోటులేని మనిషి దయ్యం నోటితో మాట్లాడుతుంది.

మరి మన తెలుగు దళిత సాహిత్యం ఏం చేసింది? ఇక్కడ ఆత్మవిమర్శ చేసుకోక తప్పదు. ఇంట్లో బందీ అయిన అగ్రవర్ణ స్త్రీకి పోటీగా మనం ఒక బొమ్మను నిలబెట్టాం. పొద్దున కని మాపటికి నాట్లేసే తల్లి, రాయిలాంటి తల్లి. సభల్లో ఆమెకు చప్పట్లు కొట్టాం. ఆ పొగడ్తలో దొర చూపు దాగి ఉందని గమనించలేదు. 'మాదిగోళ్లది మొండి పానం, వాళ్లకేం కాదు' అన్న మాటతోనే దొర బాలింతను చేనుకు పిలిచాడు. ఆ మాటనే తిరగేసి మనం ధిక్కారమని రాసుకున్నాం. అలసిపోయే హక్కు, ఏడ్చే హక్కు లేని ధిక్కారం ఎవరికి పనికొస్తుంది? ఏనుగంత తండ్రి కంటే ఏకులబుట్టంత తల్లి నయమని సామెత. ఆ ఏకులబుట్ట బరువెంతో అడిగినవాళ్లు తక్కువ.

నా సంగతీ చెప్పాలి. రెండో కాన్పు తర్వాత నాలుగు నెలలు నేను నేను కాదు. పాఠాలు చెప్పిన గొంతు పెగలలేదు. బిడ్డ ఏడిస్తే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. మా అమ్మ అంది: "నిన్ను గన్న మూడోనాడే నాట్లకు వొయిన బిడ్డా. మాకు లేని రోగం నీకేడికెల్లొచ్చె?" ఆ మాట గునపంలా దిగింది. చదువుకుని చెడిపోయానని, వాడ ఆడదాన్ని కాకుండా పోయానని అనుకున్నాను. మరికొన్ని రోజులకు, రాత్రి దీపం ఆర్పినాక, అమ్మే నెమ్మదిగా చెప్పింది. "పోయిన. నిన్ను ఒడ్డుమీద పండవెట్టి నాటేసిన. నువ్వు ఏడుస్తుంటె ఇనబడ్డది. ఇనబడనట్టే ఉన్న. ఎత్తుకోబుద్ధి గాలె. ఎవరికి జెప్పాలె ఆ మాట?" డాక్టరు రాసిన మాత్రలు పనిచేశాయి, నిజమే. కానీ నేను లేచి కూచున్నది ఆ రాత్రే. మా అమ్మ రాయి కాదని తెలిసిన రాత్రి.

ఇది ఒకరిద్దరి కథ కాదు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం చేసి 2002లో అచ్చువేసిన పరిశోధనలో కాన్పయిన 6 నుంచి 8 వారాలకు 23 శాతం తల్లులకు డిప్రెషన్ ఉంది. పేదరికం, మొగుడి హింస, ఆడపిల్ల పుట్టడం దానికి దారితీశాయని తేలింది. దేశంలోని 38 అధ్యయనాలను కలిపి 2017లో వేసిన లెక్కలో అది 22 శాతం. ఈ జబ్బును పట్టుకునేందుకు ఎక్కువగా వాడే ఎడిన్‌బరో ప్రశ్నావళి 1987 నాటిది. అందులో 10 ప్రశ్నలు. నవ్వగలుగుతున్నావా, నిద్ర పడుతోందా, నిన్ను నువ్వు నిందించుకుంటున్నావా అని అడుగుతుంది. తిన్నావా అని అడగదు. కూలి పోయిందా అని అడగదు. మన వాడలో ఆ ప్రశ్నలు పట్టుకుని తిరిగే ఆశా కార్యకర్త ఈ రెండూ ముందు అడగాలి.

విశ్రాంతి దానం కాదు, హక్కు అని మనకు నేర్పింది అంబేద్కర్. 1928లో బొంబాయి శాసన మండలిలో ఫ్యాక్టరీ స్త్రీల ప్రసూతి బిల్లును సమర్థిస్తూ, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దేశానికే మేలని, ఆ ఖర్చులో కొంతైనా యజమాని భరించాలని వాదించాడు. 1929లో చట్టం వచ్చింది, ఫ్యాక్టరీల వరకే. 2017 సవరణతో సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. అదీ 10 మంది, ఆపైన పనిచేసే చోట. ఇవాళ ఒకరి పత్తిచేను, రేపు ఇంకొకరి మిరపతోట అయిన కూలితల్లికి యజమాని ఎవరు? 2013 ఆహార భద్రతా చట్టం 6,000 రూపాయలకు తగ్గకూడదంది. 2017లో మొదలైన మాతృవందన పథకం మొదటి కాన్పుకు 5,000 చాలంది.

తల్లయ్యాక పోయిన 'నేను'ను వెతుక్కోవడం గురించి ఇప్పుడు చాలామంది రాస్తున్నారు. మంచిదే. అయితే వెతుక్కోవడానికి ముందు ఆ 'నేను' ఉండాలి కదా. మా అమ్మను గడిలో ఎన్నడూ పేరుతో పిలవలేదు. 'ఏమే' అన్నారు. నేను కోలుకుని కాలేజీకి పోయి హాజరు పుస్తకంలో సంతకం పెట్టిన రోజు నా పేరు నాకు తిరిగొచ్చింది. మా అమ్మకు తిరిగి రావలసిన పేరు అసలు ఇచ్చిందే లేదు. దళిత తల్లి కోలుకోవడమంటే పాత చోటుకు తిరిగిపోవడం కాదు. ఆ పాత చోటే ఆమెను జబ్బు చేసింది.

కాబట్టి విద్యార్థులకు, కార్యకర్తలకు ఒక మాట. వాడకు పోయి తల్లుల పాటలు, పోరాటాలు రాసుకొస్తున్నారు. ఈసారి కాన్పయిన తొలి నెల గురించి అడగండి. తొందరపడకండి. ముందు 'నాకేం కాలే' అనే అంటారు. దీపం ఆరేదాకా కూచోండి.