బొమ్మ అడుగు చూసి కొనండి

కొలువు బొమ్మలు కొనేవాళ్లు ధనుర్మాసం వస్తూనే హస్తకళల దుకాణాల బాట పడతారు. పాత బొమ్మలు కావాలనుకునేవాళ్లకు మాత్రం ఆ నెల పనికిరాదు. పండగ ముంగిట పాత సామాన్లవాడికి కూడా ధర తెలిసిపోతుంది. మాఘ ఫాల్గుణాల్లో వెళ్లాలి. ఇంకా మంచి అదను, ఊళ్లో ఎవరిదో పెంకుటిల్లు అపార్టుమెంటుకు ఇచ్చేశారని విన్న వారం. అటక దులిపి, ఇత్తడి తూకానికి వేసి, వెండి పంచుకుని, మిగిలిందంతా మూటగట్టి బండివాడికి ఇచ్చేస్తారు. కొలువు బొమ్మలు ఉండేది ఆ మూటలోనే, చిరిగిన చీరముక్కల్లో చుట్టి.

కోస్తాలో కొలువు ఎక్కువగా సంక్రాంతికి. తెలంగాణలో, రాయలసీమలో, మద్రాసు తెలుగిళ్లలో దసరాకు. ఎప్పుడు పెట్టినా ఏటా ఒక్క కొత్త బొమ్మయినా చేర్చాలన్నది ఆనవాయితీ. దాంతో రెండు మూడు తరాలు గడిచేసరికి కొండపల్లి దశావతారాల పక్కన జపాన్ పింగాణీ పాప, ఏటికొప్పాక లక్కపిడతల వెనక రేకు మోటారు కారు, కింది మెట్టు మీద ప్లాస్టిక్ బాతు చేరాయి. దుకాణంలో సెట్టుకు సెట్టు కొంటే ఈ కలగాపులగం రాదు. నా మటుకు కొలువు అందమంతా ఈ కలగాపులగంలోనే ఉంది. అందుకే పాత బొమ్మలు వెతకమంటున్నాను, చౌక అని కాదు.

హైదరాబాదులో అయితే గురువారం పొద్దున్నే జుమెరాత్ బజారుకు వెళ్లాలి. పగిలిన గ్రామఫోను, పనిచేయని గడియారం, తలుపు గొళ్లేల మధ్య బొమ్మలు పడుంటాయి. మద్రాసు వాళ్లకు ఒకప్పుడు మూర్ మార్కెట్ ఉండేది. 1985లో అది కాలిపోయింది. చెట్టినాడు మేడల్లోంచి దిగిన పింగాణీ, ఎనామిల్ సామాన్లు కావాలంటే కారైకుడి మునీశ్వరన్ కోవిల్ వీధికి వెళ్తే కొట్లకు కొట్లే కనిపిస్తాయి. వీటన్నిటికంటే దగ్గర మీ ఊరి పాత ఇనుప సామాన్ల కొట్టు. దాన్ని చిన్నచూపు చూడకండి.

బొమ్మ మొహం చూసి మురిసిపోవడం తర్వాత. ముందు చేతిలోకి తీసుకోవాలి. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేస్తారు. చూపుకు ఇంత కనిపించినా ఎత్తితే ఏమీ లేనట్టుంటుంది. తిరుపతి ఎర్రచందనం దంపతుల బొమ్మలు దీనికి సరిగ్గా ఎదురు. జానెడు లేకపోయినా చేతికి బరువు తగులుతుంది, నీళ్లలో వేస్తే మునుగుతుంది. పొణికి అని చెప్పి బరువైన బొమ్మ చేతిలో పెడితే అది వేరే కర్రయినా కావాలి, ప్లాస్టర్ అచ్చయినా కావాలి.

తర్వాత తిరగేసి అడుగు చూడాలి. పైన రంగు వేసినవాడు అడుగున వేయడు. అక్కడ ఉలి గాట్లు కనిపిస్తాయి, కర్ర అసలు రంగు కనిపిస్తుంది. ఉదాహరణకు తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడి బొమ్మ ఒకటి దొరికిందనుకోండి. కొండపల్లిలో తరతరాలుగా చేస్తున్న బొమ్మ ఇది. ఒక చెయ్యి ఊడిపోయి ఉంటుంది. ‘చెయ్యి ఇరిగింది గదమ్మా, మీకు తోచింది ఇయ్యండి’ అంటాడు అమ్మే ఆయన. బేరం కుదిరినందుకే కాదు, విరిగినందుకు కూడా సంతోషించండి. ఆ విరుగులోనే బొమ్మ పుట్టుక కనిపిస్తుంది. కొండపల్లి వాళ్లు బొమ్మను ఒకే దుంగలో చెక్కరు. ఒళ్లు వేరు, చేతులు వేరు, చెట్టు వేరు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతుకుతారు, ముక్కు, తలపాగా లాంటివి ఆ మక్కుతోనే దిద్దుతారు. దాని మీద సున్నపు పూత, ఆ పైన రంగు. భుజం దగ్గర గోధుమరంగు మక్కు, దాని చుట్టూ సన్నటి తెల్లగీత, ఆపైన రంగు పొర వరుసగా కనిపించాయా, బొమ్మ నిజమైనదే. రంగు మిలమిల మెరవకుండా ఉంటే, ఎనామిల్ తగలని బొమ్మ అని ఇంకో మెట్టు పైన పెట్టుకోవచ్చు.

పాతదనం నటించే బొమ్మలూ ఉన్నాయి. టీ డికాషన్‌లో ముంచుతారు, పొగ పెడతారు. అలాంటి మురికి ఒళ్లంతా సమానంగా పరుచుకుంటుంది. నిజంగా వాడిన బొమ్మ చేతులు తగిలిన చోటే అరుగుతుంది: ముక్కు కొస, మోచేయి, పీట అంచు. చీర మడతల లోపల మాత్రం రంగు నిన్న వేసినట్టుంటుంది. అదొక్కటి చూసుకుంటే చాలా మోసాలు తప్పుతాయి.

ఏటికొప్పాకవి అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, లక్కబిళ్ల అదిమి రంగెక్కించినవి. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పడుతుంది, విడిగా వార్నిష్ ఉండదు. అక్కడ పసుపు, నీలి లాంటి ప్రకృతి రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

పింగాణీ బొమ్మకైతే అడుగున అక్షరాలే జాతకం. ‘నిప్పాన్’ అని ఉంటే దాదాపు 1921కి ముందుది. ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే 1947కీ 1952కీ నడుమ, అమెరికా సైన్యం ఆ దేశంలో ఉన్న రోజులది. ‘వెస్ట్ జర్మనీ’ అంటే 1949కి ముందుది కాదు. అయితే ఈ ముద్రలకూ నకిలీలున్నాయి. ముద్ర మెరుగుపూత కింద ఉందో పైన అంటించినట్టుందో గోటితో గీకి చూసుకోండి.

పెంకులా పలచగా, బోలుగా ఉన్న పాత పాప బొమ్మ దొరికితే బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్. నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి చేసిన సరుకు, ఇప్పటి ప్లాస్టిక్‌లు రాకముందు బొమ్మలకు దీన్ని వాడారు. చూడముచ్చటగా ఉంటుంది కానీ నిప్పు తగిలితే భగ్గుమంటుంది. కొలువులో దీపం పెడతాం, హారతి ఇస్తాం. కాబట్టి దీనికి మెట్టు మీద చోటు లేదు, గాజు బీరువాలో ఒంటరిగా ఉండాల్సిందే.

పిల్లల సంగతి కూడా చెప్పాలి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. దాటకూడదన్న నియమం మన దేశంలో 2016లో గానీ రాలేదు. భోగిపళ్లు పోయడానికి పసివాళ్లను కొలువు ముందే కూర్చోబెడతాం, వాళ్ల చేయి ముందు పోయేది బొమ్మ మీదికే, ఆ తర్వాత నోట్లోకి. పాత రంగు బొమ్మలు పై మెట్టెక్కాలి.

ఇంటికి తెచ్చాక చేసే పనుల్లో ఎక్కువ భాగం చేయకూడనివే. కొండపల్లి బొమ్మను తడిగుడ్డతో తుడిస్తే రంగూ పోతుంది, మక్కూ నానుతుంది. లక్క బొమ్మకు శానిటైజర్ తగిలితే పూత కరుగుతుంది. పొడి కుంచెతో దుమ్ము దులపండి, చాలు. తెల్లకాగితం మీద పెట్టి తట్టినప్పుడు పిండి రాలితే లోపల పురుగు బతికే ఉంది. పిండి రాలడం ఆగేదాకా మిగతా బొమ్మలకు దూరంగా ఉంచండి. అన్నిటికంటే ముఖ్యం, కొత్తగా రంగు వేయించకండి. వెలిసిన రంగుతో బొమ్మకు విలువ ఉంటుంది, మార్కెట్లో ఎనామిల్ డబ్బా కొని పూసిన బొమ్మకు ఉండదు.

అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపుదామనుకునేవాళ్లు చట్టం చూసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువును మామూలు మనుషులు దేశం దాటించకూడదు. ఎర్రచందనం మీద వేరే ఆంక్షలున్నాయి. దంతపు బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా ముట్టుకోకండి, కొనడమూ అమ్మడమూ రెండూ నేరమే.

ఇక సెట్టు పూర్తి కావాలన్న పట్టుదల వదిలేయమంటాను. పది అవతారాల్లో ఏడే దొరికితే ఏడే పెట్టండి. లేదంటే మిగతా మూడూ కొత్తవి కొని కలపండి, చేసేవాళ్లు కొండపల్లిలో ఇంకా ఉన్నారు.

కొన్నవారి పేరు, ఊరు, సంవత్సరం తెలిస్తే చిన్న కాగితం మీద పెన్సిలుతో రాసి బొమ్మ కింద ఉంచండి, అంటించకండి. భోగిమంటలో వేయడానికి పాత చెక్క సామాను బయటికి తెచ్చే ముందు అటక మీది మూటలు ఒకసారి విప్పి చూడండి. మీకు అక్కర్లేని బొమ్మలుంటే తూకానికి వేయకుండా, మీ వీధిలో కొలువు పెట్టే ఇంటికి ఇచ్చేయండి.