అందరూ హీరోలే, మరి బాకీ ఎవరిది?

‘2018’ సినిమా చూసిన ఎవరికైనా గుర్తుండిపోయే సన్నివేశం ఒకటుంది. ఊళ్లు మునిగిపోయాయి, ఎవరిని పిలిచినా సాయం అందడం లేదు. అప్పుడు రోడ్డు మీద లారీలు వస్తాయి. లారీల మీద సముద్రపు పడవలు, పడవలతో పాటు మత్స్యకారులు. సంగీతం ఒక్కసారిగా పైకి లేస్తుంది. తెలుగు డబ్బింగ్ ఆడుతున్న థియేటర్లో ఆ చోట ఈలలు పడ్డాయి. నాకూ ఒళ్లు జలదరించింది. జలదరించడంలో తప్పేమీ లేదు, ఎందుకంటే అది నిజంగా జరిగింది. 2018 ఆగస్టులో కేరళ మునిగినప్పుడు కొల్లం, తిరువనంతపురం, అలప్పుళ తీరాల నుంచి మత్స్యకారులు పడవల్ని లారీలకెక్కించుకుని చెంగన్నూరు, ఆరన్ముళ, ఆలువా వైపు వెళ్లారు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 600కి పైగా పడవలు, నాలుగు వేల మందికి పైగా మత్స్యకారులు. వాళ్లు కాపాడిన ప్రాణాలు దాదాపు 65,000.

నా పేచీ ఆ ఈలలతో కాదు, వాటి తర్వాత సినిమా చేసిన పనితో.

ముందు దాని గొప్పలు చెప్పుకోవాలి. జూడ్ ఆంథనీ జోసెఫ్ తీసిన ఈ సినిమా 2023 మేలో విడుదలై, అప్పటికి అత్యధిక వసూళ్లు సాధించిన మలయాళ సినిమా అయింది. ఆ ఏడాది ఆస్కార్‌కి మన దేశం తరఫున వెళ్లింది కూడా. టొవినో థామస్ లాంటి స్టార్ ఉన్నా కథ మొత్తాన్ని అతని భుజాల మీద పెట్టలేదు. లారీ డ్రైవరు, టాక్సీ డ్రైవరు, టీవీ రిపోర్టరు, గల్ఫ్ నుంచి వచ్చిన భర్త, బడిలో టీచరు, ఇలా చాలామంది తలా కొంచెం మోస్తారు. ఇంద్రన్స్ వేసిన చూపులేని భాసి పాత్ర దగ్గర సినిమా గొంతు తగ్గుతుంది. వరదంటే పెద్ద దృశ్యం మాత్రమే కాదనీ, ఇంట్లో చీకట్లో కాళ్ల కిందకి వచ్చే నీళ్లు కూడా అనీ ఆ పాత్ర వల్లే తెలుస్తుంది. రక్షణ కార్యక్రమం ఎంత గజిబిజిగా ఉంటుందో, ఎంతమంది చేతులు కలిస్తే ఒక మనిషి బయటపడతాడో చూపించిన మన సినిమాలు తక్కువే.

ఈ సినిమా మొత్తం ఒక కృతజ్ఞతా ప్రకటన. అందుకే ఆ మాట దగ్గర కాసేపు ఆగాలి. కృతం అంటే చేసినది, జ్ఞత అంటే తెలిసి ఉండటం. చేసిన మేలు ‘తెలిసి’ ఉండటమే కృతజ్ఞత. దండ, శాలువా, చప్పట్లు ఆ తర్వాతి సంగతి. దీనికి వ్యతిరేకం కృతఘ్నత, అంటే చేసిన మేలుని చంపేయడం. ఈ రెండింటి మధ్యా పేరు లేని మూడో స్థితి ఒకటుంది. మేలు చేసినవాడికి ఘనంగా దండేసి, అతనెవరో, ఎక్కణ్ణుంచి వచ్చాడో, రేపు ఎలా బతుకుతాడో పట్టించుకోకుండా ఇంటికెళ్లిపోవడం. ‘2018’ నిజాయితీగా కళ్లనీళ్లు పెట్టుకుంటుంది గానీ, నాకు అది ఈ మూడో స్థితి దగ్గరే ఆగిపోయినట్టు అనిపిస్తుంది.

రెండు పాత్రల్ని చూడండి. అనూప్ భయపడి ఆర్మీ వదిలేసి వచ్చాడు. ఊళ్లో ఆ పేరుతోనే ఎగతాళి. వరదొచ్చాక ఒకరి తర్వాత ఒకరిని కాపాడుతూ పోయి, చివరికి ప్రాణమే ఇచ్చేస్తాడు. రెండోవాడు ఆసిఫ్ అలీ వేసిన నిక్సన్. మత్స్యకారుడి కొడుకు, మోడల్ కావాలని కల. తండ్రి వృత్తంటే చిన్నతనం. ప్రేమించిన అమ్మాయి తండ్రికి ఆ కుటుంబమంటే చిన్నచూపు. వరదలో ఆ వృత్తి విలువ ఏమిటో అందరికీ తెలిసొస్తుంది, నిక్సన్ కూడా పడవెక్కుతాడు.

కథగా ఇది బాగా పనిచేస్తుంది, కాదనను. కానీ దీని కింద ఉన్న లెక్క నన్ను ఇబ్బంది పెడుతుంది. భయపడ్డ మనిషికి మర్యాద కావాలంటే చచ్చిపోవాలి. చేపలు పట్టే మనిషి నలుగురిలో తలెత్తుకోవాలంటే ఆ నలుగురి ప్రాణాలూ కాపాడి ఉండాలి. వరద రాకపోతే ఆ అమ్మాయి తండ్రి చూపు మారేదా? వరద రాని ఊరి మత్స్యకారుడి సంగతేంటి? సినిమా వీటిని అడగదు. ఎందుకంటే అది గౌరవాన్ని హక్కుగా కాకుండా బహుమతిగా చూస్తోంది. బహుమతి కావాలంటే గెలవాలి మరి.

ఇక టైటిల్ కింద ఉన్న ట్యాగ్‌లైన్. ‘ఎవ్రీవన్ ఈజ్ ఎ హీరో’. వినడానికి ఎంత బావుందో! కానీ అందరూ హీరోలైతే ఎవరూ ఎవరికీ బాకీ ఉండరు. ఎవరినీ జవాబు అడగక్కర్లేదు కూడా. ఆ ఆగస్టులో ఇడుక్కి జలాశయం చెరుతోణి గేట్లు 26 ఏళ్ల తర్వాత తెరిచారు. రాష్ట్రంలో పదుల కొద్దీ డ్యాముల నుంచి నీళ్లు వదిలారు. వాన అసాధారణంగా పడిందనీ, వరదకి ముఖ్య కారణం అదేననీ కేంద్ర జల సంఘం చెప్పింది. డ్యాముల నిర్వహణలో లోపాలున్నాయని 2019లో హైకోర్టుకి అమికస్ క్యూరీ నివేదిక ఇచ్చారు. ఎవరు ఒప్పో తేల్చడం సినిమా పని కాదు. కానీ ఈ వాదన సినిమాని తాకనైనా తాకదు. నీళ్లు వచ్చాయి, మనుషులు కలిశారు, అంతే. కృతజ్ఞత గట్టిగా మోగుతున్నప్పుడు అడగాల్సిన ప్రశ్న వినిపించకుండా పోతుంది. సినిమా బయట కూడా మనకి ఇది అలవాటే.

లారీల సీన్‌ని మళ్లీ చూసినప్పుడు నాకు ఓఖీ గుర్తొచ్చింది. 2017 నవంబరు చివర్లో, అంటే ఈ వరదలకి తొమ్మిది నెలల ముందు, ఓఖీ తుఫాను తిరువనంతపురం తీరంలో ఎంతోమంది మత్స్యకారుల్ని మింగేసింది. హెచ్చరిక ఆలస్యంగా వచ్చిందనీ, వెతకడం ఆలస్యమైందనీ పూంతుర, విళింజం జనం రోడ్డెక్కారు. చివరికి తమవాళ్ల కోసం తమ పడవల్లో తామే సముద్రంలోకి వెళ్లారు. ఆ తీరం నుంచే తొమ్మిది నెలలకి లారీలు బయల్దేరాయి. ఇది తెలిస్తే ఆ సీన్‌లో గర్వంతో పాటు ఇంకోటి కూడా కనిపిస్తుంది. సాయం కోసం ఎదురుచూస్తే ఏమవుతుందో బాగా తెలిసిన మనుషులు వాళ్లు. అందుకే ఎవరూ పిలిచేదాకా ఆగలేదేమో.

వరద తగ్గాక కూడా చూడండి. ముఖ్యమంత్రి వాళ్లని కేరళ సైన్యమన్నారు. తిరువనంతపురంలో సన్మానం చేశారు. ఎంపీ శశి థరూర్ నోబెల్ శాంతి బహుమతికి వాళ్ల పేరు ప్రతిపాదించారు. గోడలకీ కరెంటు స్తంభాలకీ తగిలి దెబ్బతిన్న పడవలకి మరమ్మతు చేయిస్తామన్నారు, రోజుకి 3,000 రూపాయలు ప్రకటించారు. డబ్బులు వద్దన్నవాళ్లూ ఉన్నారు, ఆ వీడియోలు మనందరి ఫోన్లలో తిరిగాయి. వద్దనడం వాళ్ల ఆత్మాభిమానం, దానికి చేతులెత్తి దండం పెట్టొచ్చు. కానీ మనం ‘డబ్బులు వద్దన్నారట’ అని అంత మురిసిపోవడంలో, అమ్మయ్య ఖర్చు తప్పింది అనే ఊరట కూడా కొంచెం ఉందని నా అనుమానం.

2022కి వద్దాం. విళింజం ఓడరేవు పనుల వల్ల తీరం కోతకు గురవుతోందని, ఇళ్లు పోయిన కుటుంబాలకి పునరావాసం కావాలని అదే తీరపు మత్స్యకారులు నెలల తరబడి నిరసన చేశారు. ఇళ్లు సముద్రంలో కలిసిపోయిన కుటుంబాలు అప్పటికే వలియతుర దగ్గర సిమెంటు గోదాములో తలదాచుకుంటున్నాయి. నాలుగేళ్ల క్రితం ‘మన సైన్యం’ అయినవాళ్ల మీద ఈసారి అభివృద్ధికి అడ్డం పడుతున్నారన్న నింద వచ్చింది. ఆ ఆందోళన 2022 డిసెంబరులో ముగిసింది. ఐదు నెలలకి ‘2018’ థియేటర్లలోకి వచ్చింది, మనమంతా ఈలలు వేశాం.

విళింజం గురించి కూడా సినిమా తీయాలని నేను అనడం లేదు. కాపాడినవాళ్లకి ఒక ముందూ ఒక తర్వాతా ఉంటాయని కథకి తెలిసి ఉంటే చాలు, దాని నడక మారిపోతుంది. అదెలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. అదే 2018 మేలో కోళికోడ్‌లో నిపా వచ్చింది. దాని మీద ఆషిక్ అబు 2019లో ‘వైరస్’ తీశాడు. అందులో ప్రాణం పోగొట్టుకున్న నర్సు ఉంది, హడావిడి పడే డాక్టర్లున్నారు. వాళ్లతో పాటు జోజు జార్జ్ వేసిన ఆసుపత్రి ఉద్యోగి ఉన్నాడు. అతనిది తాత్కాలిక ఉద్యోగం. అందరూ భయపడే వార్డులో పని చేయాల్సిన అతనికి నెల తిరిగాక ఉద్యోగం ఉంటుందో లేదో తెలీదు. బయట జరిగింది కూడా అంతే. నిపా వార్డుల్లో పనిచేసిన తాత్కాలిక సిబ్బంది 2019 మొదట్లో తమ ఉద్యోగాల కోసం ధర్నాకి కూర్చున్నారు. ‘వైరస్’ చూసి బయటికి వచ్చినప్పుడు నాకు ఈల వేయాలనిపించలేదు, ఆ మనిషి జీతం గురించి ఆలోచించాను. ‘2018’ కంటే ఆ సినిమా నాకు ఎక్కువ కృతజ్ఞత నేర్పింది.

ఇదంతా కేరళ గొడవ అనుకోవడానికీ లేదు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు ఉప్పొంగి, ప్రకాశ్ నగర్ వంతెన మీద తొమ్మిది మంది గంటల తరబడి చిక్కుకుపోయారు. చివరికి ఒక డ్రైవరు జేసీబీ వేసుకుని వెళ్లి వాళ్లని తీసుకొచ్చాడు. ఆ రాత్రి నుంచే రీల్స్, పాటలు, ‘రియల్ హీరో’ అని పోస్టర్లు. బాగానే ఉంది. కానీ వంతెన మీద ఉన్న తొమ్మిది మందికి దిక్కు ఆ పూట ఒక్క జేసీబీయే ఎందుకయింది అన్న ప్రశ్నకి ఎన్ని రీల్స్ వచ్చాయి? అదే వారం విజయవాడలో బుడమేరు నీళ్లు తీశాక సింగ్ నగర్ ఇళ్లల్లో, వీధుల్లో పేరుకున్న బురదని ఎత్తడానికి వేరే మున్సిపాలిటీల నుంచి పారిశుద్ధ్య కార్మికులు వచ్చారు. నీళ్లలోంచి మనిషిని లాగే దృశ్యం లాంటిది బురద ఎత్తడంలో ఉండదు. దానికి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కుదరదు. అందుకే వాళ్లు ఎవరి ట్యాగ్‌లైన్‌లోకీ రాలేదు.

ఏదో ఒకరోజు మన వరదల మీద కూడా సినిమాలొస్తాయి, నవలలొస్తాయి. రాసేవాళ్లలో ఇది చదువుతున్న మీరూ ఉండొచ్చు. పడవని చూపించండి, తప్పకుండా చూపించండి. దాని అడుగు గోడకి తగిలి పగిలితే ఎవరు బాగుచేయించారో, దాన్ని నడిపినవాడు మర్నాడు వేటకి వెళ్లగలిగాడో లేదో కూడా కనుక్కుని రాయండి.