యాత్రారచనలో వస్తువు – కొడంగల్ దారిలో కొన్ని ఆలోచనలు

తెలుగులో విమర్శకు అందకుండా తప్పించుకు తిరుగుతున్న ప్రక్రియ ఏదైనా వుంటే అది యాత్రారచన. కథారచయితను వస్తువు గురించి నిలదీస్తాం. కవిని దృక్పథం ఏమిటని అడుగుతాం. యాత్రారచయిత మాత్రం ‘నేను చూసింది రాశాను’ అనగానే వదిలేస్తాం. చూడటమనేది ఏ పాపం ఎరగని పని అయినట్లు! ఎవరు చూశారు, ఎక్కడ నిలబడి చూశారు, ఎవరి ఖర్చుతో చూశారు అన్న ప్రశ్నలు యాత్రారచనకు వర్తించవా? అభ్యుదయ విమర్శకులు ఈ ప్రక్రియను తీరుబడి వర్గాల కాలక్షేపమని పక్కన పెట్టారు. పక్కన పెట్టటం విమర్శ కాదు. వీరు ఖాళీ చేసిన చోటనే పర్యాటక శాఖ కరపత్రాల భాష వచ్చి కూర్చుంది.

నేనిక్కడ ముఖ్యంగా ప్రస్తావించేది ‘ఒక రోజు యాత్ర’ అనే చిన్న రచనల్ని. ఆదివారం అనుబంధాలు చదివేవారికి వాటి అచ్చు తెలిసిందే. పొద్దున్నే బయలుదేరటం, దారిలో టిఫిను, ఒక కోట, ఒక గుడి, కట్టించిన రాజు పేరు, స్థలపురాణం, సూర్యాస్తమయం, ఇల్లు చేరటం. విదేశాల్లో స్థిరపడిన మనవాళ్ళు యూరప్ తిరిగి రాసేవి కూడా ఇదే అచ్చులో పడతాయి. లిస్బన్‌లో దిగి, ఒక్క రోజులో ఓబిదుష్, ఎవొరా లాంటి పాత పట్టణాలు చుట్టి, తెల్ల గోడలు, రాతి వీధులు, ద్రాక్షసారా, రోమన్ స్తంభాలు అని నాలుగు పుటలు రాస్తారు. ఓబిదుష్ శతాబ్దాల తరబడి పోర్చుగల్ రాణుల సొంత ఆస్తి. ఒక ఊరు ఊరంతా ఒక మనిషి ఆస్తి కావటమంటే అందులో వున్నవాళ్ళకు ఏమిటి అర్థం? మన యాత్రికుడు ఆ ముక్కను ప్రేమకథగా రాసి ముందుకు సాగిపోతాడు.

ఆ దేశంలోనే పుట్టిన జోసె సరమాగో కూడా యాత్రాగ్రంథం రాశాడు. 1981లో వచ్చిన ఆ పుస్తకం ఒక ప్రచురణ సంస్థ కోరగా రాసిందే. అంటే అవసరం బజారుది. కాని రాసినవాడు భూమిలేని రైతుకూలీల ఇంట పుట్టినవాడు, 1969 నుంచి కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. అందులో తనను తాను ‘నేను’ అనుకోడు, ‘యాత్రికుడు’ అంటాడు. చూసేవాడినే చూడవలసిన వస్తువుగా నిలబెట్టే పద్ధతి అది. అంతకు ముందు ఏడాదే, ఎవొరా వున్న అలెంతేజు ప్రాంతపు వ్యవసాయ కూలీల మూడు తరాల బతుకు మీద నవల ప్రచురించాడు. ఆ నవల కోసం లవ్రె అనే పల్లెకు పోయి కూలీల మధ్య వుండి వాళ్ళు చెప్పింది రాసుకున్నాడు. 1974 ఏప్రిల్ విప్లవం తర్వాత కూలీలు పెద్ద కమతాలను ఆక్రమించుకున్న నేల అది. ఎవొరాకు వెళ్ళివచ్చిన మన యాత్రికుల రచనల్లో ఆ సంగతి నాకు తగల్లేదు. రోమన్ స్తంభాలు మాత్రం ప్రతివారికీ కనిపించాయి.

మన దగ్గర సంప్రదాయం లేక కాదు. ఏనుగుల వీరాస్వామి 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరాడు. ఆయన సుప్రీంకోర్టు ఉద్యోగి. ఇంగ్లీషువారి పాలన మీద ఆయనకు వున్న భక్తిని మనం ఒప్పుకోనక్కరలేదు. అయినా 1838లో అచ్చయిన ఆ గ్రంథంలో ఏ మజిలీలో నీళ్ళు దొరుకుతాయి, ఎక్కడ సరుకు దొరకదు, సుంకాలు ఎవరు వసూలు చేస్తారు, దారి ఎట్లా వుంది అన్న వివరాలు దేవాలయాలతో సమానంగా చోటు సంపాదించుకున్నాయి. పల్లకీ ఎక్కినవాడికి మోసే బోయీల సంగతి తెలియక తప్పదు. కారు ఎక్కినవాడికి ఆ అవసరం తప్పిపోయింది.

ఇంత అనుకున్నాక ఈ మధ్య ఒక రోజు నేను వికారాబాదు, తాండూరు, కొడంగల్ వెళ్ళివచ్చాను. రైల్లో పోయి బస్సులో తిరిగి వచ్చాను. ఏ కరపత్రంలోనూ ఇవి ‘చారిత్రక పట్టణాలు’ కావు. అనంతగిరి కొండలు మాత్రం వారాంతపు విడిది కింద లెక్క. అందుకే వీటిని ఎంచుకున్నాను. చరిత్ర అనే ముద్ర పడాలంటే ఒక ఊరికి ఏం వుండాలి అన్నదే కదా మన ప్రశ్న.

మొదట ఆ రైలు దారినే చూద్దాం. వాడి నుంచి సికింద్రాబాదు దాకా ఈ పట్టాలు పడింది 1874లో. డబ్బు నిజాం ప్రజలది, తొందర ఇంగ్లీషు ప్రభుత్వానిది. తర్వాత 1883లో చాందా రైల్వే పథకం మీద హైదరాబాదులో ఆందోళన లేచింది. లెక్కలు చెప్పమన్నందుకు అఘోరనాథ చటోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడు తండ్రిని, రాజ్యం నుంచి పంపేశారు. వికారాబాదు అన్న పేరు పైగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రాది. 1893 నుంచి 1901 దాకా దివాను, ఫలక్‌నుమా కట్టించినవాడు. భవనానికి టిక్కెట్టు పెట్టారు కాబట్టి అది చరిత్ర అయింది. ఆయన పేరు మోస్తున్న ఊళ్ళో మనం రైలు దిగి టీ తాగి కొండ ఎక్కుతాం.

కొండ మీద అనంతపద్మనాభస్వామి గుడి, మూసీ పుట్టిన చోటు, పాత క్షయ ఆసుపత్రి. నిజాం కాలంలో ఈ గాలిని రోగులకు మందుగా రాసిచ్చారు. ఇప్పుడు అదే గాలిని రాత్రికి ఇంత అని అద్దెకు ఇస్తున్నారు. యాత్రారచయితలు మూసీ జన్మస్థానం దగ్గర పరవశించిపోతారు. 1908 సెప్టెంబరులో ఈ నీరే హైదరాబాదులో వేల ప్రాణాలు తీసిందనీ, ఈనాడు నగరం దాటేసరికి నల్లగా మారి నల్లగొండ రైతుల పొలాల్లోకి పోతున్నదనీ చెప్పరు. చెప్పితే పరవశం చెడుతుంది కాబోలు.

తాండూరు దగ్గర నేల రంగు మారుతుంది. నల్లరేగడి, కంది చేలు. ఇక్కడి కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేలకింద పొరలు పొరలుగా సున్నపురాయి. మనం షాబాదు బండ, తాండూరు బండ అని పిలిచే నాపరాయి ఇదే. ఈ వ్యాసాన్ని చదువుతున్నవారిలో చాలామంది ఈ క్షణాన ఆ బండ మీదే కాలు పెట్టి కూర్చుని వుంటారు. తెలుగు మధ్యతరగతి ఇంటి నేలంతా ఈ గనుల్లోంచి లేచింది. పొర దొరికిన చోట ఉలి పెట్టి, సుత్తెతో కొట్టి, పలక చెదరకుండా లేపటం గొప్ప నేర్పు. రాయి ఎక్కడ పగలాలనుకుంటుందో చేతికి తెలియాలి. ఆ చేతికి దక్కేది రోజు కూలి, దుమ్ము. పాలిష్ యూనిట్ల నుంచి వచ్చే తెల్లటి బురద రోడ్ల పక్కన ఎండి గాలికి లేస్తుంది. గుడి రాతిని చెక్కిన అజ్ఞాత శిల్పుల గురించి పేరాలు పేరాలు రాసేవారికి, అదే రాతిపని చేస్తూ కళ్ళెదుట కూర్చున్నవారు కనిపించకపోవటం ఎట్లా సాధ్యమైంది? శిల్పి వెయ్యేళ్ళ కింద చచ్చిపోయాడు గనక అతన్ని గౌరవించటం చవక. గని కూలి బతికి వున్నాడు, కూలి ఎంతో అడిగితే చెబుతాడు.

అయితే దీనికి విరుగుడుగా మనవాళ్ళు కొందరు చేసే పని కూడా నాకు నచ్చదు. కోట కనిపించగానే ‘ఈ రాళ్ళ వెనుక ఎందరి చెమటో’ అని ఒక వాక్యం అతికించి బాధ్యత తీరిందనుకోవటం. అది సూర్యాస్తమయ వర్ణనకు ఏ విధంగానూ మెరుగు కాదు. వర్గదృష్టి అంటే నిట్టూర్పు కాదు, వివరం.

తాండూరు నుంచి కొడంగల్‌కు బస్సు. మహాలక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడి వుంది, పాత ఇళ్ళు వున్నాయి, వీధిలో మూడు భాషలు వున్నాయి. దుకాణంలో ఒకే బేరం తెలుగులో మొదలై, కన్నడంలో సాగి, దక్కనీ ఉర్దూలో తెగటం విన్నాను. బయటినుంచి వచ్చినవాళ్ళు దీన్ని కలగాపులగం భాష అంటారు. ఇందులో కలగాపులగం ఏమీ లేదు, రాజ్యాలు మారిన జాడలు వున్నాయి. 1956 నవంబరు 1 దాకా కొడంగల్, తాండూరు గుల్బర్గా జిల్లా తాలూకాలు. ఆ రోజున గీత గీస్తే ఇవి రెండూ ఇటు వచ్చాయి, పక్కనున్న సేడం అటు పోయింది. కొడంగల్‌ను మహబూబ్‌నగర్‌కు ఇచ్చారు, తాండూరును హైదరాబాదు జిల్లాకు ఇచ్చారు. 2016లో మళ్ళీ రెండూ వికారాబాదు జిల్లాలో కలిశాయి. అరవై ఏళ్ళలో ఇన్ని చిరునామాలు మారిన మనిషి భాష ఎట్లా వుండాలని మన ఆశ?

గుల్బర్గా అన్నాక 1948 గురించి మాట్లాడకుండా పోవటం న్యాయం కాదు. పోలీసు చర్య తర్వాత ముస్లిముల మీద జరిగిన హత్యాకాండలో అధికంగా దెబ్బతిన్న జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు అని సుందర్‌లాల్ కమిటీ రాసింది. ఆ నివేదిక 2013 దాకా ప్రజల చేతికి రాలేదు. ఈ ప్రాంతపు దర్గాల దగ్గర ఆగే యాత్రారచయిత ‘మతసామరస్యానికి ప్రతీక’ అని రాస్తాడు. సామరస్యం నిజమే. అది ఎంత దెబ్బ తిని నిలబడిందో చెప్పనప్పుడు ఆ మాటకు బరువు ఎక్కడిది?

బస్టాండులో మూటలు పక్కన పెట్టుకుని ఒకామె కూర్చుని వుంది. ‘యాడికి అక్కా?’ అంటే ‘పూనా పోతున్నం సారూ, పనికి’ అన్నది. నేను ఊరు చూడటానికి వచ్చానంటే నవ్వి, ‘ఏమున్నది సారూ ఈడ సూసేటందుకు? ఉంటె మేమెందుకు పోదుము?’ అన్నది. పాలమూరు లేబర్ అన్న పేరుతో దేశమంతా ఆనకట్టలు, మేడలు కట్టిన ప్రాంతం ఇది. వాళ్ళను తీసుకుపోయేవాణ్ణి గుంపు మేస్త్రీ అంటారు (2024లో రాజకీయ నాయకులు ఆ మాటను ఎగతాళికి వాడుకున్నారు). మేస్త్రీ అన్నది పోర్చుగీసు మాట. ఓబిదుష్ వెళ్ళి రాసినవారికి పోర్చుగల్‌తో మనకున్న చుట్టరికం కోసం అంత దూరం వెతకవలసిన అవసరం లేకపోయింది. ఒకే బస్టాండులో ఒకరిది యాత్ర, ఒకరిది వలస. తిరిగివచ్చాక పుస్తకం రాసే సావకాశం మొదటివారికే వుండటం వల్ల మన సాహిత్యంలో ప్రయాణమంటే యాత్ర అని అర్థం స్థిరపడింది. పూనా పోయి వచ్చినామె తన ప్రయాణం చెబితే అది ఏ ప్రక్రియ అవుతుంది? వలసకథ అని మనం దాన్ని కథల అరలో పెడతాం, యాత్రాచరిత్ర అరలో పెట్టం.

ఈ నియోజకవర్గంలోనే లగచర్ల వుంది. 2024 నవంబరులో ఫార్మా పరిశ్రమ కోసం భూసేకరణ మీద జరిగిన గొడవ, అధికారుల మీద దాడి, రైతుల అరెస్టులు, నెలాఖరుకు ఆ ప్రకటన ఉపసంహరణ, దాని స్థానంలో పారిశ్రామిక పార్కు ప్రతిపాదన, ఇవన్నీ పత్రికల్లో వచ్చాయి. వార్తగా వచ్చింది గనక సాహిత్యం పని అయిపోయిందని నేను అనుకోవటం లేదు. పట్టా కాగితం, దున్నిన చేను, ఏ ఏడు ఎవరి పేరు మీద నమోదయింది అన్నది రాజుల వంశావళి కంటే చిక్కుగా వుండే చరిత్ర. వంశావళి వినిపించటానికి గుడి దగ్గర మనిషి వున్నాడు. దీనికి రచయిత వెళ్ళి కూర్చోవాలి.

సాహిత్య విద్యార్థులకు ఈ దారిలో మరో సంగతి వుంది. తాండూరు దాటి సేడం మీదుగా పోతే కాగిణా నది ఒడ్డున మళ్ఖేడు. ఇదే మాన్యఖేటం, రాష్ట్రకూటుల రాజధాని. తొమ్మిదో శతాబ్దంలో అరబ్బు వర్తకుడు సులేమాన్ ప్రపంచంలోని నలుగురు మహారాజుల్లో ఒకడిగా లెక్కించినది ఇక్కడి ప్రభువునే. కన్నడంలో దొరికిన మొదటి లక్షణగ్రంథం కవిరాజమార్గం ఇక్కడి అమోఘవర్షుని ఆస్థానంలో పుట్టింది. పుష్పదంతుడు ఇక్కడే అపభ్రంశంలో మహాపురాణం రాశాడు. వీరి సామంతులు వేములవాడ చాళుక్యులు. వారి అరికేసరి ఆస్థానంలో పంపడు 941లో కన్నడ భారతం ముగించాడు. పంపని తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కుర్క్యాల దగ్గర గుట్ట మీద చెక్కించిన శాసనంలో సంస్కృత, కన్నడాలతో పాటు తెలుగు కంద పద్యాలు వున్నాయి. నన్నయకు వందేళ్ళ ముందు మాట. మన సాహిత్య చరిత్రలు ఈ కాలానికి ‘ప్రాఙ్నన్నయ యుగం’ అని పేరుపెట్టి, శాసనాల జాబితా ఇచ్చి దాటేస్తాయి. ఆ యుగపు కేంద్రం కొడంగల్ నుంచి ఒక పూట ప్రయాణం. 1956 నాటి గీత పదో శతాబ్దం మీద కూడా పనిచేస్తున్నదన్నమాట! మళ్ఖేడు కన్నడవారిది, కుర్క్యాల మనది అని పంచుకున్నాక ఆ అన్నదమ్ములిద్దరూ చెరొక సిలబసులో పడ్డారు.

972లో మాళవ రాజు మాన్యఖేటాన్ని దోచాడు. ఆ ఏడాది మనకు నికరంగా తెలియటానికి ఒక ప్రాకృత నిఘంటువు తోడ్పడింది. ధనపాలుడు తన చెల్లెలు సుందరి కోసం దాన్ని కూర్చి, మాన్యఖేటం దోపిడీ అయిన వేళ రాశానని చివర చెప్పుకున్నాడు. గెలిచినవారి ఊళ్ళో కూర్చుని రాసిన పుస్తకం అది. దోపిడీకి గురైన ఊరినుంచి పుష్పదంతుడు కూడా ఆ నాశనాన్ని తలచుకున్నాడు. ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టి చదివితే యాత్రారచన ఎక్కడ నిలబడాలన్న ప్రశ్న పాతదేనని తెలుస్తుంది.

తిరిగి వచ్చింది హైదరాబాదు–బీజాపూరు రోడ్డు మీద, పరిగి, మన్నెగూడ, చేవెళ్ళ మీదుగా. దారి పొడవునా సుమారు 900 మర్రిచెట్లు. ఇవి ఈనాటి యాత్రారచనలకు ఇష్టమైన వస్తువు. రోడ్డు వెడల్పుకోసం వాటిని కొట్టవద్దని హరిత ట్రిబ్యునల్ దాకా పోయినవారి పట్టుదల మెచ్చదగిందే. 2025 నవంబరు 3న ఈ ఇరుకు రోడ్డు మీదనే, చేవెళ్ళ దగ్గర మీర్జాగూడ వద్ద, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పరు గుద్దింది. కనీసం 19 మంది చచ్చిపోయారు. సోమవారం పొద్దున కాలేజీలకు తిరిగి పోతున్న పిల్లలు వారిలో వున్నారు. చెట్ల మీద రాసినవారు ఆ బస్సు మీద రాయలేదు; బస్సు మీద రాసినవారు చెట్లనే ముద్దాయిలను చేశారు. పనులు ఏళ్ళ తరబడి ఎందుకు సాగలేదో, అంత కంకర ఏ నగర నిర్మాణానికి పోతున్నదో రెండు పక్షాలూ అడగలేదు.

విద్యార్థులు ఎవరైనా ఈ దారిన పోదలిస్తే ఎండాకాలం వద్దు, గనుల దగ్గర బండ కాలుతుంది. తాండూరులో పొద్దున్నే దిగితే మధ్యాహ్నానికి మళ్ఖేడు చూసి, సాయంత్రానికి కొడంగల్ చేరవచ్చు. కాస్త కన్నడం వచ్చినవారిని ఒకరిని వెంటబెట్టుకు వెళ్ళండి.