అడ్డసరం లేహ్యం: ఆకు నుంచి పాకం దాకా

మేకలు ముట్టని ఆకు కాబట్టి అడ్డసరాన్ని చేల గట్ల మీద కంచెగా పెంచుతారు. దగ్గుకీ, కఫానికీ మన వైద్యులు తరతరాలుగా నమ్మిన ఆకు కూడా అదే. దాంతో చేసే వాసావలేహం అనే లేహ్యం తయారీని వరసగా చూస్తే, ఆ పాతకాలపు వైద్యుల మీద గౌరవం పెరుగుతుంది.

మొదటి పని ఆకును గుర్తుపట్టడం. ఎండి నలిగిన ఆకుల్లో పెద్దమాను ఆకు కలిసిపోవచ్చు. కేరళలో చిన్న అడ్డసరం అనే మరో జాతినీ ఇదే పేరుతో వాడతారు. బెంగళూరులో యలహంక వైపు, దర్శన్ శంకర్ చొరవతో 1993లో మొదలైన ఎఫ్‌ఆర్‌ఎల్‌హెచ్‌టీ అనే సంస్థలో ఔషధ మొక్కల ఎండు నమూనాలు దాచే హెర్బేరియం ఉంది. అలాంటి చోట నమూనాతో పోల్చి, సూక్ష్మదర్శిని కింద పత్రరంధ్రాలు చూస్తారు. అడ్డసరంలో ఒక్కో రంధ్రాన్ని రెండు కణాలు అడ్డంగా పట్టుకుని ఉంటాయి. పొడి అయినా ఆ గుర్తు పోదు.

తర్వాత రసం. ఈ ఆకును పచ్చిగా నూరి పిండితే రసం సరిగా రాదు. అందుకే పుటపాకం. ముద్దను మర్రి, నేరేడు లాంటి ఆకుల్లో చుట్టి, పైన మట్టి మందంగా పూసి, నిప్పుల్లో పెట్టి మట్టి ఎర్రబడేదాకా కాలుస్తారు. లోపల ఆకు తన తేమలోనే మగ్గుతుంది. తీసి పిండితే రసం దిగుతుంది.

ఆ రసం 768 గ్రాములైతే పటికబెల్లం 384 గ్రాములు. సన్నని సెగ మీద కలుపుతూ ఉండాలి. పాకం కుదిరిందో లేదో చెప్పడానికి శాస్త్రకారులు పెట్టిన పరీక్షలు నాకు మహా ఇష్టం. వేళ్ల మధ్య తీగ సాగాలి. నీళ్లలో చుక్క వేస్తే చెదరకుండా అడుగుకు చేరాలి. వేలితో నొక్కితే వేలిముద్ర గీతలు అలాగే నిలవాలి. థర్మామీటరు లేని రోజుల్లో చిక్కదనాన్ని ఇంతకన్నా కచ్చితంగా కొలవడం కష్టం. నెయ్యి, పిప్పలి చూర్ణం చెరో 96 గ్రాములు. తేనె 384 గ్రాములు, అదీ పూర్తిగా చల్లారాకే.

పిప్పలి ఎందుకు? 1981లో జమ్మూ పరిశోధనాలయానికి చెందిన సి.కె. ఆటల్ బృందం ప్రచురించిన జంతు ప్రయోగాల్లో, పిప్పలి తోడైతే అడ్డసరంలోని వాసిసిన్ అనే పదార్థం రక్తంలో రెట్టింపుకు పైగా చేరింది. అదే వాసిసిన్‌ను నమూనాగా పెట్టుకుని బ్రోమ్‌హెక్సిన్ తయారుచేశారు. దాని నుంచే ఆంబ్రోక్సాల్ వచ్చింది. నేడు దగ్గు సిరప్ సీసాల మీద కనిపించే పేర్లు ఇవే.

చైనాలోనూ ఇలాంటి పనితనం ఉంది. మాహువాంగ్ అనే మూలిక, ఆప్రికాట్ గింజ, జిప్సం, అతిమధురం కలిపిన నాలుగు సరుకుల కషాయాన్ని అక్కడ పిల్లల న్యుమోనియాలో యాంటీబయాటిక్‌లతో పాటు ఇస్తారు. వాటికి బదులుగా కాదు. ఆ హద్దు మనకూ వర్తిస్తుంది. లేహ్యం కఫాన్ని పలచబరచవచ్చు గానీ, ఊపిరితిత్తుల్లో చేరిన బ్యాక్టీరియాను చంపే పని అమోక్సిసిలిన్ లాంటి మందుదే. పిప్పలి ఇతర మందుల మోతాదునూ రక్తంలో మార్చగలదు కాబట్టి డాక్టరుకు తెలియకుండా లేహ్యాన్నీ ఆ మందులనూ కలిపి వాడకూడదు. ఏడాది నిండని బిడ్డకు తేనె ఉన్న మందు అసలే వద్దు.

బిడ్డ దగ్గుతుంటే, ఏడుపు మానాక ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, లేదా అంతకు మించినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో లేహ్యం వాడుతుంటే ఆ సీసాను కూడా వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.