అనుజ్ఞ, ఆర్జన, సంరక్షణ: ఉపాధ్యాయుల సెలవు నిబంధనల భాష - ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులకు వర్తించే సెలవు నిబంధనలను సాధారణంగా రోజుల లెక్కగానే చదవడం పరిపాటి. ఈ వ్యాసం వాటిని ఒక పాఠంగా స్వీకరించి, అందులోని భాషను పరిశీలిస్తుంది. సెలవును పాలకుని అనుజ్ఞగా, ఉద్యోగి ఆర్జనగా, కుటుంబ సంరక్షణగా చూసే మూడు భావనలు వేర్వేరు కాలాల్లో ఈ నిబంధనల్లో చేరాయి. చివరి రెండూ చేరినా వాక్యనిర్మాణం మాత్రం మొదటిదానిదే కావడం వల్ల, హక్కుగా కనిపించేది ఆచరణలో దయగా మారుతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సెలవు, అనుజ్ఞ, ఆర్జిత సెలవు, ప్రసూతి సెలవు, గైర్హాజరు, పరిపాలనా భాష.

1. ఉపోద్ఘాతం:

పాఠశాల తెలుగు వాచకాల్లో లేఖారచన ఒక పాఠ్యాంశం. అందులో సెలవుచీటి తప్పనిసరి. జ్వరం వచ్చిన విద్యార్థి ప్రధానోపాధ్యాయునికి సవినయంగా నమస్కరించి, తన స్థితిని విన్నవించి, దయతో సెలవు మంజూరు చేయవలసిందిగా ప్రార్థిస్తాడు. ఈ నమూనాను నేర్పే ఉపాధ్యాయుడు తన అవసరం వచ్చినప్పుడు రాసే దరఖాస్తు కూడా దాదాపు ఇదే అచ్చులో ఉంటుంది. సంబోధన, విన్నపం, కారణం, ప్రార్థన, విధేయత అనే ఐదు అంగాలూ అందులో యథాతథంగా నిలుస్తాయి. పదేళ్ల బాలునికీ, ముప్పై ఏళ్ల సర్వీసున్న ఉద్యోగికీ ఒకే వాక్యం సరిపోతున్నదంటే, ఆ వాక్యం వెనుకనున్న సంబంధాన్ని పరిశీలించవలసి ఉంటుంది.

ఉపాధ్యాయుల సెలవులపై తెలుగులో వచ్చిన రచన అధికభాగం సమాచార స్వభావం కలది. ఉపాధ్యాయ సంఘాలు ప్రచురించే డైరీలూ, కరదీపికలూ ఏ సెలవు ఎన్ని రోజులు, ఏ జీవో ప్రకారం అన్నది చెబుతాయి. అవి చేస్తున్న సేవ గణనీయమైనది. అయితే నిబంధనల భాష ఉపాధ్యాయుణ్ణి ఏ స్థానంలో నిలబెడుతున్నదన్న ప్రశ్న వాటి పరిధిలోనిది కాదు.

2. ‘సెలవు’ పదం - అర్థవిస్తృతి:

తెలుగు నిఘంటువులు ‘సెలవు’ పదానికి ఆజ్ఞ, అనుమతి, వ్యయం అనే అర్థాలను ఇస్తాయి. ‘సెలవిచ్చు’ అంటే అనుమతించడం మాత్రమే కాదు, పెద్దలు పలకడం కూడా. ‘సెలవు తీసుకొను’ అంటే వీడ్కోలు పొందడం. వ్యయార్థం నేటి తెలుగులో మరుగున పడినా తమిళంలో ‘సెలవు’ ఇప్పటికీ ఖర్చే. పని లేని రోజు అనే అర్థమే నేటి వాడుకలో ప్రధానమైనా, పై అర్థాల నీడ దానిపై ఉంది. పై నుంచి వచ్చే మాట, కింది నుంచి కోరే అనుమతి, ఖాతాలో తరిగే మొత్తం - ఈ మూడూ సెలవు నిబంధనల్లో కలిసే కనిపిస్తాయి.

దీని చుట్టూ చేరిన పరిభాష కూడా గమనార్హం. మంజూరు, హాజరు, గైర్హాజరు, రద్దు, జమ అనే మాటలు అరబ్బీ, పారసీకాల నుంచి దర్బారు, కచేరీల మీదుగా తెలుగులోకి వచ్చినవి. హాజరు అంటే సమక్షంలో ఉండటం. ఎవరి సమక్షంలో అన్న ప్రశ్నకు దర్బారు భాషలో సమాధానం ప్రభువు. బడి భాషలో ఆ సమాధానం పిల్లలు కావలసి ఉన్నది.

3. అనుజ్ఞగా సెలవు:

ఈ నిబంధనలకు మూలం 1922 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ఫండమెంటల్ రూల్సు. వాటితోపాటు మద్రాసు ప్రభుత్వపు 1933 నాటి సెలవు నిబంధనలు ఆంధ్రప్రదేశ్‌కు సంక్రమించాయి. ఫండమెంటల్ రూల్సులోని 67వ నియమం సెలవును హక్కుగా కోరరాదని నిర్దేశిస్తుంది. ప్రజాసేవ అవసరాల దృష్ట్యా ఏ సెలవునైనా నిరాకరించే, రద్దు చేసే విచక్షణను అధికారికి అప్పగిస్తుంది. అయితే ఉద్యోగి కోరిన, అతని ఖాతాలో ఉన్న సెలవు రకాన్ని మాత్రం అధికారి తన ఇష్టానుసారం మార్చరాదు. అంటే ఇవ్వకపోవచ్చు గాని, ఒకటి అడిగితే మరొకటి ఇవ్వరాదు.

ఈ నియమానికి సమర్థన లేకపోలేదు. అందరూ ఒకేసారి సెలవు పెడితే ప్రజాసేవ నిలిచిపోతుంది. వరదల వేళ, ఎన్నికల వేళ రాజ్యానికి ఉద్యోగులు అవసరం. విచక్షణ ఉండటం దోషం కాదు. విచక్షణే మూలసూత్రమై, సెలవు దానికి మినహాయింపుగా మారడమే విమర్శకు తావిస్తున్నది. ‘సెలవు ఉద్యోగి హక్కు. ఫలానా కారణాలపై దాన్ని వాయిదా వేయవచ్చు’ అన్న వాక్యంతోనూ పాలన సాగుతుంది. అప్పుడు కారణం చూపే భారం అధికారిపై పడుతుంది. ప్రస్తుత వాక్యంలో ఆ భారం ఉద్యోగిపై ఉంది.

ఆకస్మిక సెలవు విషయంలో ఈ వైచిత్రి మరింత స్పష్టం. ప్రభుత్వ ఉపాధ్యాయులకు ఏడాదికి 15 రోజుల సాధారణ ఆకస్మిక సెలవులు, 7 రోజుల ప్రత్యేక ఆకస్మిక సెలవులు ఉన్నాయి. 1996 నుంచి మహిళలకు అదనంగా మరో 5 రోజులు లభిస్తున్నాయి. కాని సెలవు నిబంధనల దృష్టిలో ఆకస్మిక సెలవు అసలు సెలవే కాదు. ఆ రోజు ఉద్యోగి విధిలో ఉన్నట్టే లెక్క. ఉపాధ్యాయుడు అన్నిటికంటె ఎక్కువసార్లు వాడుకొనే సెలవు నిబంధనల ప్రకారం ఒక మర్యాద మాత్రమే. అందుకే అది అడిగే తీరుపైనా, ఇచ్చేవారి మనఃస్థితిపైనా అంతగా ఆధారపడుతుంది.

4. ఆర్జనగా సెలవు:

ఆర్జిత సెలవు అన్న పేరులోనే అనుజ్ఞాభావానికి భిన్నమైన సూత్రం ఉంది. పని చేసినవాడు దాన్ని సంపాదించాడు. అది జనవరిలో, జూలైలో ఖాతాకు జమ అవుతుంది. పోగుపడుతుంది. పదవీ విరమణనాడు నగదుగా మారుతుంది. ఇది ఆస్తి భాష. అయితే సంపాదించినది కూడా కోరితే తప్ప దక్కదు, కోరినా నిరాకరించవచ్చు అన్నప్పుడు, విశేషణం ఒక తర్కాన్నీ క్రియ మరొక తర్కాన్నీ అనుసరిస్తున్నాయి.

ఉపాధ్యాయుల విషయంలో ఈ ఆర్జన మరింత పరిమితం. విద్యాశాఖలో బోధన వృత్తి దీర్ఘకాలిక విరామాలు ఉన్న శాఖల కోవలోకి వస్తుంది. వేసవి విరామం అనుభవిస్తారన్న కారణంగా ఇతర ఉద్యోగులకు ఏడాదికి 30 రోజులు జమయ్యే ఆర్జిత సెలవు ఉపాధ్యాయులకు 6 రోజులే జమ అవుతుంది. నిల్వకు గరిష్ఠ పరిమితి మాత్రం ఇద్దరికీ 300 రోజులు. సెలవు వాడని ఇతర ఉద్యోగి పదేళ్లలో ఆ పరిమితిని చేరగలడు. ఉపాధ్యాయునికి యాభై ఏళ్లు పడుతుంది. 25వ ఏట ఉద్యోగంలో చేరి ఆంధ్రప్రదేశ్‌లో 62వ ఏట విరమించే ఉపాధ్యాయుడు ఒక్క రోజూ వాడకపోయినా 37 ఏళ్లలో పోగయ్యేది 222 రోజులు. తెలంగాణలో 61వ ఏట విరమిస్తే 216. కనుక ఈ 6 రోజుల లెక్కతో 300 అన్న అంకె ఉపాధ్యాయునికి ఎన్నటికీ అందదు.

విరామం నిజంగా విరామమైతే ఈ తగ్గింపు న్యాయమే. ఆ షరతును పరీక్షించవలసి ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ఉపాధ్యాయులను విద్యేతర పనులకు వినియోగించరాదంటూనే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలను మినహాయించింది. ఇవి బడి గంటలను గాని, సెలవు దినాలను గాని చూసి వచ్చేవి కావు. వేసవిలో మూల్యాంకనం, శిక్షణ తరగతులు, బడిబాట వంటి నమోదు కార్యక్రమాలు దీనికి తోడవుతాయి. విరామకాలంలో పనిచేసినవారికి దామాషాలో ఆర్జిత సెలవు అదనంగా ఇచ్చే నియమం ఉన్న మాట నిజం. కాని ఆ పని అధికారిక ఉత్తర్వుపై జరిగిందనీ, దానివల్ల విరామం కోల్పోయాననీ నిరూపించుకోవలసినవాడు మళ్లీ ఉపాధ్యాయుడే. విరామాన్ని ఊహించి ముందే తగ్గించిన ప్రభుత్వం, కోల్పోయిన విరామానికి మాత్రం రుజువు అడుగుతున్నది.

ప్రైవేటు పాఠశాలల్లో ఇదే వేసవి మరో రూపం ధరిస్తుంది. చాలాచోట్ల పది నెలల జీతమే ఇచ్చే పద్ధతి కొనసాగుతున్నది. ప్రభుత్వ ఉపాధ్యాయునికి వేసవి ఆర్జిత సెలవును తగ్గిస్తే, ప్రైవేటు ఉపాధ్యాయునికి అది ఆర్జననే తుడిచివేస్తుంది. ఒకే పదం ఒకచోట సౌకర్యం, మరొకచోట నిరుద్యోగం.

5. సంరక్షణగా సెలవు:

మూడవ భావన ఇటీవలిది. 2005లో 15 రోజుల పితృత్వ సెలవు వచ్చింది. 2010లో ప్రసూతి సెలవు 120 రోజుల నుంచి 180 రోజులకు పెరిగింది. 2016లో మహిళా ఉద్యోగులకు శిశు సంరక్షణ సెలవు ఆంధ్రప్రదేశ్‌లో 60 రోజులు, తెలంగాణలో 90 రోజులుగా మొదలైంది. ఆంధ్రప్రదేశ్ 2022లో దాన్ని 180 రోజులకు పెంచింది. ఉద్యోగికి శరీరం, కుటుంబం, బిడ్డ ఉన్నాయన్న అంగీకారం ఈ ఉత్తర్వుల్లో తొలిసారి వినిపిస్తుంది. తల్లికి నెలల్లోనూ తండ్రికి రోజుల్లోనూ కొలిచిన తీరు, సంరక్షణ ఎవరి బాధ్యతగా నిబంధనలు భావించాయో కూడా చెబుతుంది.

అయితే 2010 నాటి ఉత్తర్వు ఇద్దరిలోపు జీవించి ఉన్న సంతానం అన్న పాత షరతును వెంట తెచ్చింది. తల్లి విశ్రాంతికి సంబంధించిన సెలవును జనాభా విధానానికి సాధనం చేసిన షరతు ఇది. 2025 మేలో తమిళనాడుకు చెందిన ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని కేసులో సుప్రీంకోర్టు, ప్రసూతి సెలవు పునరుత్పత్తి హక్కుల్లో అంతర్భాగమని స్పష్టం చేసింది. 2000లోనే రోజుకూలీ మహిళలకు కూడా ప్రసూతి ప్రయోజనాలు వర్తిస్తాయని అదే న్యాయస్థానం తీర్పు చెప్పింది. హక్కు అన్న మాట న్యాయస్థానం నుంచి వచ్చిన తరువాత కూడా కార్యాలయపు నమూనా పత్రంలో ‘మంజూరు చేయ ప్రార్థన’ అన్న వాక్యమే కొనసాగడం ఇక్కడి వైరుధ్యం.

సంరక్షణ సెలవుకు అసలు పరీక్ష ఏకోపాధ్యాయ పాఠశాలలో ఎదురవుతుంది. విద్యాహక్కు చట్టపు షెడ్యూలు 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలంటుంది. 1 నుంచి 5 తరగతులకు 200 పనిదినాలు, 800 బోధన గంటలు విధిస్తుంది. ఒకే ఉపాధ్యాయిని ఉన్న బడిలో ఆమె సెలవు అంటే బడి మూత. పొరుగు బడి ఉపాధ్యాయుణ్ణో, క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌నో సర్దుబాటు చేయడం వాడుక. ఆ సర్దుబాటు కుదరనప్పుడు ఆమెకు చట్టం ఇచ్చిన రోజులూ, పిల్లలకు చట్టం ఇచ్చిన రోజులూ పరస్పరం పోటీ పడతాయి. రెండు హక్కుల మధ్య ఈ పోటీని సృష్టించినది ఉపాధ్యాయిని కాదు, ప్రత్యామ్నాయ ఉపాధ్యాయుణ్ణి నియమంలో చేర్చని వ్యవస్థ. కాని సెలవు అడగడానికి సంకోచించేది మాత్రం ఆమె.

6. ‘గైర్హాజరు’ - ఒక పదం కప్పిన మూడు స్థితులు:

ఉపాధ్యాయుల సెలవుల గురించి సమాజంలో ఉన్న అనుమానాన్ని విస్మరించి ఈ చర్చ ముగియదు. 2005లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనం, దేశంలో ఆకస్మిక తనిఖీల వేళ 25 శాతం ఉపాధ్యాయులు బడిలో లేరని తేల్చింది. ఆ అధ్యయనం కారణంతో నిమిత్తం లేకుండా బడిలో కనిపించని వారందరినీ ఒకే గణనలో చేర్చింది. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ 2017లో ఆరు రాష్ట్రాల పాఠశాలలపై వెలువరించిన అధ్యయనం ఈ స్థితులను విడదీసింది. బడిలో లేనివారు సుమారు 18.5 శాతం కాగా, ఏ కారణమూ లేకుండా రానివారు 2.5 శాతమే. మిగిలినవారు అనుమతి పొందిన సెలవులోనో, అధికారిక విధులపై వేరొకచోటో ఉన్నారు.

రెండు అధ్యయనాల కాలమూ, పరిధీ వేరు కనుక ఒకదానితో మరొకటి రద్దు కాదు. కారణం లేకుండా మానేసేవారు అసలు లేరనీ రెండవది చెప్పడం లేదు. కాని అది చూపిన విభజన భాషాపరంగా కీలకమైనది. సెలవులో ఉన్నవాడు, ఎన్నికల విధికి వెళ్లినవాడు, చెప్పకుండా మానేసినవాడు - ముగ్గురూ ‘గైర్హాజరు’ అన్న ఒకే మాటలో కలిసిపోతే, మూడవవాని తప్పు మొదటి ఇద్దరికీ అంటుతుంది. పిల్లల వైపు నుంచి చూస్తే ఆ రోజు ముగ్గురి వల్లా పాఠం జరగలేదు, నిజమే. అందుకే కారణాలను విడదీయాలి. సెలవుకు ప్రత్యామ్నాయం, విధులకు నియంత్రణ, ఎగవేతకు చర్య - మూడింటికీ మూడు పరిష్కారాలు అవసరం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి అమలైన ముఖ గుర్తింపు హాజరు వంటి సాంకేతిక పద్ధతులు మనిషి ఉన్నాడా లేడా అన్నది చెప్పగలవు. లేకపోవడంలోని అర్థభేదాన్ని చెప్పవలసినది భాషే.

7. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

* ఉపాధ్యాయుల సెలవు నిబంధనల్లో అనుజ్ఞ, ఆర్జన, సంరక్షణ అనే మూడు భావనలు పొరలుగా ఉన్నాయి. తరువాతి రెండింటికీ ఇప్పటికీ మొదటిదాని వాక్యనిర్మాణమే ఆధారం.

* విరామశాఖ అన్న వర్గీకరణ నేటి పని స్వభావానికి పూర్తిగా సరిపోవడం లేదు. కోల్పోయిన విరామాన్ని రుజువు చేసే భారం ఉపాధ్యాయునిపై కాక, విధి అప్పగించిన కార్యాలయంపై ఉండటం ఉచితం.

* సెలవు నిరాకరణకు కారణాన్ని రాతపూర్వకంగా చూపే నియమం, ఏకోపాధ్యాయ పాఠశాలకు ప్రత్యామ్నాయ ఉపాధ్యాయుని ఏర్పాటు - ఈ రెండూ లేనంతవరకు సంరక్షణ సెలవుల రోజులు పెరిగినా వినియోగం పెరగదు.

* నిబంధనలకు అధికారికమైన, సుబోధకమైన తెలుగు పాఠం అవసరం. సి.ఎల్., ఇ.ఎల్., హెచ్.పి.ఎల్. అన్న పొడి అక్షరాల వెనుక తమకు ఏమి చెందుతుందో ఉపాధ్యాయులు ఇప్పటికీ సంఘాల డైరీల నుంచే తెలుసుకోవలసి వస్తున్నది.

చివరగా, ఈ విషయం మళ్లీ లేఖారచన పాఠం దగ్గరకే చేరుతుంది. తరగతిలో సెలవుచీటి నమూనాను బోధించేటప్పుడు, ‘దయతో’ అన్న మాట స్థానంలో ‘నాకు రావలసిన సెలవును వినియోగించుకొంటున్నాను’ అన్న మర్యాదపూర్వకమైన వాక్యాన్ని కూడా నేర్పవచ్చు. వినయానికీ ప్రార్థనకూ మధ్య భేదం ఉందని పిల్లలు గ్రహిస్తారు. ఆ వాక్యాన్ని నల్లబల్లపై రాసే చేయి, తన సొంత దరఖాస్తులోనూ దానినే రాయగలిగిన రోజున సెలవు నిబంధనల భాష మారడం మొదలైనట్టు భావించవచ్చు.