డార్విను పగడపు గ్రంథము

డార్విను పేరు వినగానే మన విద్యార్థులకు కోతి గుర్తుకు వచ్చును. 1842లో అతడు ప్రకటించిన ప్రవాళ భిత్తికల గ్రంథమును చదివినవారు అరుదు. అందలి ప్రధాన సిద్ధాంతము మాత్రము పాఠ్యపుస్తకముల కెక్కినది. అగ్నిపర్వత ద్వీపము క్రమముగా క్రుంగుచుండగా దాని అంచున ప్రవాళములు పైపైకి పెరుగును; తుదకు ద్వీపము మాయమై వలయము మిగులును. 1952లో ఎనివెటాక్ దీవిని నాలుగు వేల అడుగులకు పైగా తొలిచినప్పుడు అడుగున అగ్నిశిల తగిలి, ఆ ఊహ నిలిచినది.

నాకు అంతకంటె ఆసక్తికరముగా తోచినది నాలుగవ ప్రకరణము. మడగాస్కరు తూర్పు తీరమున అలన్ అను వైద్యుడు 1830 డిసెంబరులో ఇరువది రకముల ప్రవాళములను పెకలించి, మూడడుగుల లోతు నీట ఇసుకమేటపై మేకులతో నిలబెట్టెను. జులై నాటికి అవి అనేక అడుగులు పెరిగినవట! డార్విను దీనిని నమ్మెను. ఇక్కడ అతడు కొంత శంకింపవలసినది. వేగముగా పెరుగు కొమ్మల ప్రవాళములు సైతము ఏడాదికి 10–20 సెంటీమీటర్లే పెరుగునని నేటి కొలతలు చెప్పుచున్నవి.

అంతకు మించిన లోపము మరొకటి. అలన్ చేసినది నారు తీసి నాటుటయే కదా! డార్విను దానిని ఎదుగుదలకు కొలబద్దగా మాత్రమే వాడుకొనెను; ఆ నాటుతో ఒడ్డును కాపాడవచ్చునను ఆలోచన గ్రంథమున లేదు.

ఆ అవసరము మన పొరుగుననే వచ్చినది. మన్నారు సింధుశాఖలో సున్నమునకై ప్రవాళములను ఏండ్ల తరబడి తవ్విరి. అలల నాపు గోడ పోగా, తూత్తుకుడి చెంత వాన్ దీవి 1986లో 16 హెక్టార్లుండినది, 2014 నాటికి 2 హెక్టార్లకు తరిగినది. 2015 తరువాత తమిళనాడు ప్రభుత్వము రంధ్రములు గల కాంక్రీటు దిమ్మలను దీవి ముందు దింపించినది. అవి అలల బలమును తగ్గించును. వాటిపై ప్రవాళములు పట్టును.

ఇది చదివిన తిరుపతి జిల్లా విద్యార్థి, కోతకు గురియగుచున్న శ్రీహరికోటకు అదే ఉపాయము అడుగును. ఉపాధ్యాయుడు గ్రంథమునే మరల తెరువవచ్చును. భిత్తికను కట్టు ప్రవాళములు ఇరువది ముప్పది బారలకు మించిన లోతున బ్రతుకవనియు, ఒండ్రునీరు వాటికి గిట్టదనియు అందున్నది. శ్రీహరికోట ముందు సముద్రము ఇసుక, ఒండ్రులతో కలకబారును; గట్టి రాతి అడుగు లేదు. అచ్చట దిమ్మలు దింపినను అవి దిమ్మలుగానే మిగులును. తీరము వెంబడి ఇసుక ఎటు పోవుచున్నది, ఎచ్చట ఆగుచున్నది అను లెక్కయే ముందు కావలెను.